కిరండూల్ పాసింజరు ఎక్కడ ఆలస్యమవుతోంది?

విశాఖలో పర్యాటక శాఖ నడిపే అరకు ప్యాకేజీలో వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. బొర్రా గుహలు, కాఫీ తోటలు చూపించాలంటే బస్సు ఉండాలన్నది ఒక కారణం. రెండో కారణం అరకు స్టేషన్లో ఎవరినడిగినా చెబుతారు: సాయంత్రం బండిని నమ్ముకోలేం. పొద్దున విశాఖలో బయలుదేరిన పాసింజరు సుమారు నాలుగు గంటల్లో, చాలావరకు వేళకే అరకు చేరుతుంది. కిరండూల్ నుంచి తిరిగొచ్చే బండి తరచూ ఆలస్యం. అదే లైను, అదే డివిజన్. మరి తేడా ఎక్కడ?

అందరూ ముందు అనుమానించేది కొండనే. శివలింగపురం దాటాక లైను 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంది. సుమారు 997 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ దాకా మలుపులూ సొరంగాలే. లైను మొత్తంలో 58 సొరంగాలున్నాయి. బండి మెల్లగా నడవక తప్పదు. అయితే ఆ మెల్లదనాన్ని టైం టేబుల్ ముందే లెక్కలో వేసుకుంది. పైగా ఆ ఎత్తంతా ఎక్కేది పొద్దుటి బండి, అది వేళకే వస్తోంది. సాయంత్రం బండి అరకు చేరేసరికి ఆ ఘాట్‌లో ఇంకా దిగనే లేదు. కాబట్టి నేరం కొండది కాదు.

కొండచరియలు, మావోయిస్టుల బంద్‌లు? 2023 సెప్టెంబరులో మనబార్–జరటి మధ్య చరియలు విరిగి లైను మూసుకుపోయింది. బంద్ రోజుల్లో బండిని దంతెవాడలోనే ఆపేసిన సందర్భాలు లెక్కలేనన్ని. రైలు అసలే రాని రోజులకు ఇవి జవాబు. ఎండ కాసే మామూలు రోజున, ఏ గొడవా లేనప్పుడు, బండి గంటసేపు ఎందుకు కనబడదో ఇవి చెప్పవు.

మూడో అనుమానం, వేరే రైల్వే వాళ్ల పట్టాల మీద మన బండికి దారివ్వరన్నది. దేశంలో చాలాచోట్ల జోన్ల సరిహద్దుల దగ్గర ఇది నిజమే కావచ్చు. ఇక్కడ మాత్రం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దశాబ్దాల పాటు ఒక్క వాల్తేరు డివిజనే చూసుకుంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడి జోన్ మారినా డివిజన్ మారలేదు. అప్పగింతల దగ్గర పోయే కాలమేమీ లేదు.

ఇక మిగిలింది బండి వచ్చిన దిక్కు. పొద్దుటి బండి అరకు చేరేసరికి నడిచింది సుమారు 130 కిలోమీటర్లు. అందులో మొదటి భాగం హౌరా–చెన్నై ప్రధాన లైను. సాయంత్రం బండి మూడు వందల కిలోమీటర్లకు పైగా కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను మీదే వచ్చింది. ఆ దారిలో దానికి తోడు ఎవరు?

ఇనుప ఖనిజం. ఈ లైను పుట్టిందే దానికోసం. 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలడిలా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి ఆ దశాబ్దంలోనే కొండలు తొలిచి పట్టాలు వేశారు. మనుషుల బండి ఆ తర్వాతి ఆలోచన. 1980ల మొదట్లో కరెంటు ఇంజిన్లు వచ్చి లైను సత్తువ పెరిగింది, ఆ సత్తువను ఖనిజమే వాడుకుంది. నిండు ర్యాకులు విశాఖ వైపు దిగుతాయి, ఖాళీవి కిరండూల్ వైపు ఎక్కుతాయి. అంటే సాయంత్రం బండి నిండు ర్యాకుల వెనక నడుస్తూ, ఎదురొచ్చే ఖాళీ ర్యాకులకు దారిస్తూ రావాలి. నా దృష్టిలో ముడి ఇక్కడే వదులవుతుంది.

నిబంధనల ప్రకారం గూడ్సు కన్నా పాసింజరుకే ముందు దారి. కానీ సింగిల్ లైను మీద ఎదురెదురు బండ్లు తప్పుకోగలిగేది స్టేషన్ లూప్ లైన్లలోనే. ముందు స్టేషన్‌లో ర్యాకులు నిలిచి లూపులు నిండితే పాసింజరుకు ఎంత పెద్దపీట వేసినా నిలవడానికి చోటు ఉండదు. రెండు మూడు ఇంజిన్లు లాగే నిండు ర్యాకును ఆపి మళ్లీ కదిలించడం పెద్ద పని. తేలికైన పాసింజరును ఆపడం సులువు. కంట్రోలరు ఎంత మంచివాడైనా ఆ లెక్క ఒకవైపే మొగ్గుతుంది. ఒక్క క్రాసింగ్ తప్పితే తర్వాతిదీ తప్పుతుంది. అలా పేరుకున్న ఆలస్యం అరకులో దిగుతుంది.

మరి ఇన్నేళ్లుగా ఎవరికీ పట్టలేదా? రైల్వే సమయపాలనను లెక్కగట్టేది బండి చివరి స్టేషన్ చేరిన వేళను బట్టి. అరకులో గంట ఆలస్యంగా వచ్చిన బండి దారిలో కొంత కూడదీసుకుని విశాఖ చేరితే కాగితం మీద ఆ గంట చిన్నదవుతుంది. అడ్డాకుల కట్టలతో, చింతపండు బుట్టలతో ఎదురుచూసినవాళ్లకు మాత్రం ఆ గంట గంటే. రోడ్డు సరిగ్గా లేని చిమిడిపల్లి లాంటి చోట్ల ఈ బండి తప్పితే చీకటి పడ్డాక దారి లేదు. 2017లో ఈ బండికి వచ్చిన అద్దాల బోగీ గురించి రాసినన్ని వార్తలు ఈ నిరీక్షణ గురించి రాలేదు. అది నాకు బాధ.

రెండో లైను పనులు ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి. ఘాట్‌లో కొత్త సొరంగాలు తవ్వాలి గనుక అక్కడే కష్టం. ఈలోగా 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను విభజించి, కొత్తవలస–బచేలి భాగాన్ని తూర్పు కోస్తా రైల్వేలోని రాయగడ డివిజన్‌కు ఇచ్చింది. విశాఖ వైపు దక్షిణ కోస్తా రైల్వేకు వచ్చింది. ఇన్నాళ్లూ నిర్దోషిగా తేలిన మూడో అనుమానం కొత్తవలస దగ్గర ఇప్పుడు నిజం కాగలదు. అందుకే రెండు జోన్లూ చివరి స్టేషన్‌తో పాటు అరకు, కొత్తవలసల్లో కూడా ఈ బండి వేళలను లెక్కలోకి తీసుకుని, నెలనెలా ప్రకటించాలి.