జమైకా ఇగ్వానా: ముంగిస మింగగా మిగిలిన జాతి

కరీబియన్ సముద్రంలోని జమైకా దీవిలో మాత్రమే పుట్టి పెరిగే ఒక పెద్ద బల్లిజాతి కథలో మన దేశానికీ పాత్ర ఉంది. అది గర్వపడాల్సిన పాత్ర కాదు. 1872లో ఎస్ప్యూట్ అనే చెరకు తోటల యజమాని కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను జమైకాకు తెప్పించాడు. నాలుగు మగవి, ఐదు ఆడవి. చెరకును కొరికేస్తున్న ఎలుకల పీడ విరగడవుతుందని ఆయన ఆశ. అంతకుముందు ఇదే పనికి తెచ్చిన చీమలూ కప్పలూ అక్కరకు రాలేదు. ముంగిసలు మాత్రం కొన్నేళ్లలోనే దీవి అంతటా అల్లుకుపోయాయి.

ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు వేటాడుతుంది. దాంతో నేల మీద గూడు కట్టే పక్షులకు, పాములకు, అన్నింటికంటే ఎక్కువగా ఇగ్వానాకు ప్రాణం మీదికి వచ్చింది. చూడటానికి మన ఉడుములా ఉన్నా ఇగ్వానా ప్రధానంగా ఆకులు, పూలు, పండ్లు తిని బతుకుతుంది. పెద్దదాని జోలికి ముంగిస అంతగా పోదు కానీ గుడ్లనూ అప్పుడే బయటికొచ్చిన పిల్లలనూ వదలదు. ముసలివి చనిపోతుంటే వాటి చోటు భర్తీ చేసే పిల్లలు కరువయ్యాయి.

ఈ ఇగ్వానాలు ఒకప్పుడు విరివిగా కనిపించేవని పదిహేడో శతాబ్దం చివర్లో జమైకాలో గడిపిన వైద్యుడు హాన్స్ స్లోన్ రాశాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి దక్షిణ తీరంలోని గోట్ దీవుల్లోనే కొన్ని మిగిలాయి. 1940ల చివరికి అక్కడా కనుమరుగయ్యాయి. జాతి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు.

రాజధాని కింగ్‌స్టన్‌కు దగ్గర్లోనే హెల్‌షైర్ కొండలున్నాయి. కత్తుల్లాంటి సున్నపురాళ్లు, ముళ్ల చెట్లు, నీటిచుక్క దొరకని పొడి అడవి. 1990లో అక్కడ అడవి పందుల వేటకు వెళ్లిన ఒక వేటగాడి కుక్క బతికున్న ఇగ్వానాను పట్టుకుంది. వేటగాడు దాన్ని కోసుకు తినలేదు, అమ్ముకోలేదు. ప్రాణాలతోనే కింగ్‌స్టన్‌లోని హోప్ జూకు చేర్చాడు. ఈ జాతికి రెండో జన్మ ఇచ్చింది ఆ వేటగాడే.

వెంటనే శాస్త్రవేత్తలు కొండలెక్కి గాలించారు. కొద్దిపాటి ఇగ్వానాలు మిగిలాయని, అవి గుడ్లు పెట్టే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయని తేలింది. అంతా రాయే అయిన ఆ కొండల్లో గొయ్యి తవ్వడానికి సరిపడా మట్టి దొరికే తావులు తక్కువ. అందుకే జూన్‌లో ఆడవన్నీ అక్కడికే చేరతాయి. ఒక్కొక్కటి సొరంగంలా తవ్వి, లోపల గుడ్లు పెట్టి, మట్టి కప్పి, మరో ఆడది వచ్చి తవ్వేయకుండా కొన్నాళ్లు కాపలా కాస్తుంది. దాదాపు మూడు నెలలకు పిల్లలు మట్టిని చీల్చుకుని బయటికొస్తాయి. పొంచి ఉన్న ముంగిసకు ఆ క్షణమే అదను.

ఆ క్షణంలోనే మనిషి అడ్డుపడ్డాడు. 1991 నుంచి ఏటా కొన్ని పిల్లలను ఏరి హోప్ జూకు తరలించసాగారు. అక్కడ నాలుగైదేళ్లు పెంచి, ముంగిసకు లొంగనంత ఎదిగాక, ఒంట్లో గుర్తింపు చిప్ అమర్చి తిరిగి కొండల్లో వదులుతారు. తొలి విడుదల 1996లో జరిగింది. బోనులో పెరిగినవి అడవిలో బతుకుతాయా అన్న అనుమానాన్ని ఆ ఇగ్వానాలే తీర్చాయి. వదిలిన ఆడవి కొన్నేళ్లకు అవే మట్టి తావులకు వచ్చి గుడ్లు పెట్టాయి. 1997 నుంచి గూళ్ల చుట్టుపక్కల వరసగా బోనులు పెట్టి ముంగిసలను పట్టడం మొదలైంది. ఈ రెండు పనులూ కలిసే ఫలితమిచ్చాయి. వదిలినవి వందలు దాటాయి. గుడ్లు పెట్టే ఆడవి కొన్ని రెట్లు పెరిగాయి.

కింగ్‌స్టన్‌లో ఏ తుపానో, రోగమో విరుచుకుపడితే అంతా ఊడ్చిపెట్టుకుపోతుందనే భయంతో 1994లో కొన్ని ఇగ్వానాలను అమెరికా జూలకు పంపారు. ఫోర్ట్‌వర్త్ జూ ఈ కృషికి మొదటినుంచీ వెన్నుదన్నుగా నిలిచింది. జమైకా బయట తొలిసారి పిల్లలు పుట్టింది 2006లో, ఇండియానాపొలిస్ జూలో. అంటే అందుకు పన్నెండేళ్లు పట్టింది. జూ పని ఎంత ఓపిక కోరేదో ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి.

అయినా గండం గడవలేదు. బొగ్గు కోసం హెల్‌షైర్ చెట్లను నరుకుతూనే ఉన్నారు. 1999లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన పోర్ట్‌లాండ్ బైట్‌లోనే గోట్ దీవులూ ఉన్నాయి. 2013లో అక్కడ ఒక చైనా సంస్థతో భారీ ఓడరేవు కట్టించాలన్న ప్రతిపాదన బయటికొచ్చింది. దేశవిదేశాల్లో నిరసన రేగింది. ఆ దీవుల్లో రేవు కట్టబోమని ప్రధాని ఆండ్రూ హోల్నెస్ 2016లో ప్రకటించారు.

ఈ చరిత్ర మొత్తం చూశాక ఒక మాట చెప్పక తప్పదు. జూ లేకపోతే ఈ జాతి లేదు, కానీ జూ దీనికి ఇల్లు కాదు. పిల్లలను ఏరడం, ముంగిసలను పట్టడం ఏ ఏడు ఆపినా ఆ ఏటి నుంచే తరుగుదల మళ్లీ మొదలవుతుంది. గోట్ దీవుల్లోని ముంగిసలను, పిల్లులను, మేకలను పూర్తిగా తొలగించి ఇగ్వానాలను అక్కడ స్థిరపరచాలని నిపుణులు ఏనాటి నుంచో కోరుతున్నారు. జమైకా ప్రభుత్వం ఆ పనికి నిధులివ్వాలి, ప్రపంచం చేయి కలపాలి. మనిషి సాయం లేకుండా ఒక తరం పిల్లలు ఆ దీవుల్లో పెరిగి పెద్దయి గుడ్లు పెట్టిన రోజే జమైకా ఇగ్వానా గట్టెక్కినట్టు.