జీర్ణోద్ధరణ

మా ఇంట్లో పాతది ఏదీ గడప దాటి బయటికి పోదని మావారికి నామీద ఎప్పటినుంచో ఫిర్యాదు. అమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం, కాడ ఊడిన కాఫీ ఫిల్టరు, నా బి.ఏ. నోట్సులు, అన్నీ అటక మీదే. అటక మీదికి ఎక్కనిది కూడా ఒకటి కొంటానని మాత్రం పాపం ఆయన కల్లో కూడా అనుకోలేదు. మూడేళ్ళ కిందట ఆళ్ళగడ్డలో, ఓ గొడ్లకొట్టంలో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న 1972 నాటి అంబాసిడర్ కారును ముప్పైఅయిదు వేలిచ్చి కొన్నాను.

"నడుస్తుందా?" అన్నారు మావారు.

"నిలబడుతుంది" అన్నాను.

ఏమాటకామాటే, అది కూడా పూర్తి నిజం కాదు. ఇటుకల మీద నిలబడి ఉంది.

ఆళ్ళగడ్డకు నేను వెళ్ళింది కారు కోసం కాదు. రాస్తున్న నవలలో ఓ శిల్పి వస్తాడు. ఆ ఊరి శిల్పులు రాయి చెక్కే పద్ధతి చూద్దామని నంద్యాల నుంచి బస్సెక్కి వెళ్ళాను. రోడ్డు పక్క సగం చెక్కిన దేవుళ్ళు ఎండలో నిలబడి ఉంటారు. మాటల్లో ఓ శిల్పి చెప్పాడు: గుడి పాతబడితే జీర్ణోద్ధరణ చేయొచ్చు, గోడ పడితే గోడ కట్టొచ్చు, కానీ మూలవిగ్రహం భిన్నమైతే దానికి పూజ ఉండదు, కొత్తది చెయ్యాల్సిందే అని. ఆ మాట బుర్రలో తిరుగుతుండగానే దాహమేసి పక్కింట్లో నీళ్ళడిగాను. నీళ్ళిచ్చిన పెద్దావిడ వెనకాల, కొట్టంలో, జల్లెడలాంటి ముందు ముఖం, గుండ్రటి వీపు. పోల్చుకోకపోవడానికి అదేమన్నా దాగే కారా?

"పాతిన్ప సామాన్లోడు కిలో లెక్కన అడిగినాడు పాపా. ఇయ్య బుద్ధి కాల్యా. మా ఆయన బండి" అంది పెద్దావిడ.

బేరం కుదిరాక ఒక షరతు పెట్టింది. నంబరు మార్చకూడదు. బాగయినాక ఒకసారి తనని ఎక్కించుకుని అహోబిలం తీసుకుపోవాలి. ఆవిడకు డెబ్భైఎనిమిది. నేను సరేనన్నాను. అనడానికేం, నోరే కదా!

అసలీ కారే ఒక పాత చీర కథ. అక్క పరికిణీ చెల్లెలికి కట్టబెట్టినట్టు, ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే బండిని అక్కడివాళ్ళు రెండు మూడేళ్ళకే చాలించుకుంటే, మనవాళ్ళు అచ్చులతో సహా తెచ్చుకున్నారు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో పుట్టింది, 1948లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాకు మారింది. 1954లో ల్యాండ్‌మాస్టర్, దాని వెనకే 1957-58 ప్రాంతంలో అంబాసిడర్. అక్క కట్టి విడిచినదాన్ని చెల్లెలు 2014 మే నెల దాకా కట్టుకుంది. మధ్యలో 1962లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, ఇలా కుచ్చిళ్ళు మార్చుకోవడమే తప్ప చీర అదే.

ఎందుకట్లా అంటే, కట్టుకోవడానికి వేరే చీర లేదు కాబట్టి. ఉత్తరపారా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, అంతే. ఎన్ని చెయ్యాలో ప్రభుత్వం చెప్పేది, 1969లో ఎంతకు అమ్మాలో కూడా చెప్పింది. ఫియట్ కోసమైతే డబ్బు కట్టి ఏళ్ళతరబడి కూర్చునేవారు. కొన్నవాళ్ళు బండిని ఇంటి మనిషిలా చూసుకున్నారంటే ప్రేమ ఒక్కటే కాదు, గతిలేకపోవడం కూడా.

సరే, మా బండి దగ్గరికొద్దాం. ట్రాక్టరు ట్రాలీ మీద నంద్యాల తీసుకొచ్చి, ఓ పాత షెడ్డులో దించాను. షెడ్డు పెద్దాయన ముస్లిం, డెబ్భై దాటిన మనిషి. ఊళ్ళో అందరిలాగే నేనూ మామా అంటాను. ఆయన సుత్తి పిడితో కారు కింద తట్టుకుంటూ పోయాడు. ఒకచోట టంగుమంది. ఒకచోట డబ్బుమంది. ఒకచోట సుత్తి లోపలికి పోయింది.

"బిడ్డా, ఇంజను పోతే తెస్తాం. ఇది పోతే ఏం తెస్తాం?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. లారీకీ జీపుకీ కింద చాసిస్ అని ఇనుప దూలాలు వేరే ఉంటాయి, పైన బాడీ కూర్చోబెడతారు. అంబాసిడర్‌కు ఆ దూలాలు లేవు. అడుగు రేకు, తలుపుల కింది పట్టెలు, పైకప్పు, అన్నీ కలిసే ఎముకలగూడు. పట్టెలు పుచ్చితే బండి నడుం విరిగినట్టే. మా సీమలో వానలే తక్కువ, ఇంత తుప్పెక్కడిదంటారా? వెనక అద్దం రబ్బరు పోయి, పడ్డ నాలుగు చినుకులూ లోపలి చాపల కింద చేరాయి. పైన కోళ్ళ పెంట సరేసరి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు కింద ఉబ్బుతుంది. పైకి చిన్న పొక్కులా కనిపించినచోట గీకితే అరచేయంత రేకు రాలేది.

మామ చెప్పిన లెక్క విన్న రాత్రి నిద్రపట్టలేదు. నా సీరియల్ పారితోషికం అడుగు రేకుకే సరిపోతుంది. మావారు ఏమీ అనలేదు. ఆయన అనకపోవడమే నాకు భయం. పాత ఇనుము వ్యాపారికి ఫోను కూడా చేశాను, అబద్ధమెందుకు? తీసుకెళ్ళడానికి వస్తానన్నాడు. వాడొచ్చేలోగా, కంటి ఆస్పత్రి పనిమీద నంద్యాల వచ్చిన పెద్దావిడ కారెంతవరకొచ్చిందో చూద్దామని షెడ్డుకు దిగబడింది. అప్పటికి డిక్కీ మూత ఒక్కటి గీకి రెడ్ ఆక్సైడు కొట్టి ఉంది.

"ఏంది పాపా, తుప్పు గీకించి మళ్ళా తుప్పు రంగే ఏపించినావే!" అని పడీపడీ నవ్వింది. వ్యాపారిని రావద్దని చెప్పాను.

పుచ్చిన పట్టెలు కోసి, కొత్త రేకు వంచి, అంగుళం అంగుళం అతికారు. కోయడానికి ముందు తలుపులు వేసి, మధ్యలో ఇనుప కడ్డీలు అడ్డం పెట్టారు, గూడు వంగకుండా. ఎనిమిది నెలలు పట్టింది. నన్ను ఊరించినవాళ్ళూ ఉన్నారు: ఆ 1489 సీసీ పెట్రోలు ఇంజను తీసిపారేసి డీజిల్ది పెట్టమని. చాలా అంబాసిడర్లకు అదే గతి పట్టింది. మామా నేనూ ఒప్పుకోలేదు. బీఎంసీ ఇంజనుకు బోరు చేయించి, పిస్టన్లు మార్చి, కార్బురేటర్లో రబ్బరు ముక్కలన్నీ కొత్తవి వేశాం. ఇప్పుడు పెట్రోల్లో కలుపుతున్న ఇథనాల్ ఆ పాత రబ్బర్లను తినేస్తుందట. మూలవిగ్రహం ఏది, గోడ ఏది అని శిల్పిని అడగాలనిపించింది గానీ, అడిగితే నవ్వుతాడని ఊరుకున్నాను.

అన్నట్టు, నంద్యాలకూ ఈ కారుకూ ఇంకో లంకె ఉంది. 1991 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు ఇక్కడి ఉప ఎన్నికలో అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. నేనప్పుడు పదేళ్ళ పిల్లను. వీధి అరుగు మీద కూర్చుని తెల్ల అంబాసిడర్లు లెక్కపెట్టాను, నలభై దాటాక లెక్క తప్పింది. ఆ రోజుల్లో ప్రధానమంత్రులు తిరిగే కారు కూడా అదే. మారుతి అప్పటికే వచ్చింది, 1983 డిసెంబరులో. అయినా పరిశ్రమలకు తలుపులు తెరిచిన 1991 జూలై విధానంలో కార్లకు లైసెన్సు అలాగే ఉండిపోయింది. 1993లో అదీ ఎత్తేశారు. అంబాసిడర్ దిగి మా ఊరి ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళిన మనిషి ప్రభుత్వమే అంబాసిడర్‌కు నూకలు చెల్లించింది. తప్పుపట్టడం లేదు. చుక్కనీరు పడితే మొరాయించే కారును జనం ఎన్నాళ్ళు భరిస్తారు? ఆ పేరును 2017లో ఫ్రాన్సు వాళ్ళ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

ఇక కాగితాలు. ఇది రాతపని తెలిసిన నాకే చుక్కలు చూపించింది. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వింటేజి నిబంధనలు వచ్చాయి. పాత నంబరు ఉంచుకోవచ్చు, బాగుంది. కానీ వింటేజి అని రాయించుకుంటే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు కొట్టించడానికో తప్ప రోజువారీ తిరక్కూడదు. అహోబిలం యాత్ర ర్యాలీ కిందికి రాదు కదా! అందుకని మామూలు బండిలాగే ఫిట్‌నెస్ చూపించి, 2022లో ఆరువందల నుంచి అయిదువేలకు పెరిగి అప్పటికి అలాగే ఉన్న ఫీజు కట్టి, అయిదేళ్ళకు రెన్యువల్ చేయించాను. 2022 ఏప్రిల్‌లోనే నంద్యాల జిల్లా కూడా అయింది. పాత కర్నూలు నంబరు, మూడు ఇంగ్లీషు అక్షరాలతో, అలాగే ఉంది.

మొన్న కార్తీకంలో ఆళ్ళగడ్డ వెళ్ళాను. పెద్దావిడ కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నేను ముందు తలుపు తీశాను. ఆవిడ వెనక తలుపు దగ్గరికి నడిచింది.

"ముందు కూర్చోండి పెద్దమ్మా, ఒకే పొడుగు సీటు, హాయిగా ఉంటుంది."

"ముందర ఆయనా, డ్రైవరూ. మేమెప్పుడూ యెనకాలే" అని ఎక్కి తలుపు వేసుకుంది. పడలేదు. "గట్టిగా కొట్టాలి కదూ" అని తనే మళ్ళీ తెరిచి ధడేల్మని వేసింది. తుప్పు వదిలినా ఆ గుణం వదల్లేదు.

పాతిక కిలోమీటర్లూ ఆవిడ మాట్లాడలేదు. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకుని, పులిహోర తిని బయటికొచ్చాం. తిరిగి బండి దగ్గరికొచ్చేసరికి, నేను తాళం తీయడమే ఆలస్యం, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. అద్దం దించుకుంది. స్టీరింగు పక్కనున్న గేరు కాడ వంక కాసేపు చూసింది.

"దీని మీద చెయ్యి ఎయ్యనిచ్చేవాడు కాదు పాపా."

"వెయ్యండి" అన్నాను. ఆవిడ చెయ్యి మీద నా చెయ్యి పెట్టి రెండో గేరు వేశాను, ఊరు దాటాక మూడోది. నల్లమల గాలి మొహానికి కొడుతుంటే కొంగు నెత్తిన చుట్టుకుని, ఆళ్ళగడ్డ పొలిమేరలో అడిగింది:

"రేపు నీకేమన్నా పనుందా?"