గుఱ్ఱము దిగిన ఊరు

పూర్వకాలపు ప్రయాణమనగానే మన కన్నులయెదుట గుఱ్ఱపురౌతు నిలుచును. గుఱ్ఱము గాలివలె పోవుట కథలలో అందఱము విన్నదే. కాని కడపసీమ దారులలో నాలుగు దినములు వరుసగా గుఱ్ఱముమీద పోవలసినవాని తలంపు వేగముమీద గాక గడ్డిమీదను, నీటిమీదను, డెక్కలమీదను ఉండెడిది. అతడెంతదూరము పోగలడో నిర్ణయించినది దారిలోని ఊరు.

మేలుజాతి గుఱ్ఱములు మనసీమలో పుట్టినవి కావు. విజయనగర ప్రభువు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెననియు, వానిలో హోర్ముజునుండి వచ్చినవియు, ఈ దేశపువియు కలవనియు 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. సాళువ నరసింహరాయలు, సముద్రముమీద చచ్చినదాని తోక తెచ్చి చూపినను వెల యిచ్చెనట! అంతకుముందే, 13వ శతాబ్దము చివర, పాండ్యదేశమున లాడము కొట్టువారును, పోషణ నెఱిగినవారును లేక గుఱ్ఱములు నశించుచున్నవని మార్కో పోలో వ్రాసియుండెను. కొనుటకంటె నిలుపుకొనుటయే కష్టమని దీనివలన తెలియుచున్నది.

నిలుపునది ఉలవ. ఉడికించిన ఉలవలు దాణా. దానితోపాటు మోపులకొలది పచ్చిగడ్డి. ప్రతి గుఱ్ఱమునకును ఒక సాహిణి, గడ్డి కోయువాడొకడు. వారిరువురు నడచివచ్చువారు. కాబట్టి గుఱ్ఱమునకు నాలుగు కాళ్లున్నను దూరప్రయాణము మనిషి రెండు కాళ్ల నడకతోనే సాగెడిది. దినమునకు ఆమడ, లేదా ఆమడన్నర. అంతకుమించి పరుగెత్తించినవానికి ఆ రాత్రి దాణాయు లేదు, గుడారమును లేదు.

ఇక మన దారుల సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములు రేగడి నేలలు. ఎండకాలమున నెఱ్ఱెలలో డెక్క యిఱుకును. వానకాలమున అడుగడుగున బంక పట్టి లాడము ఊడివచ్చును. ఈ రెండూళ్లును పెన్నకు ఉత్తరపు గట్టుననున్నవి. పులివెందుల దక్షిణమున దూరముగా నున్నది. జమ్మలమడుగునుండి పులివెందులకు పోవువాడు పెన్న దాటక తీరదు. ఏఱు వచ్చినపుడు జీను దించి, మనుష్యులును సామానులును పుట్టిలో దాటుచుండగా, గుఱ్ఱమును పగ్గము పట్టి ఈదింపవలెను. నీరు తీసినపిమ్మట ఇసుకలో ఊబి భయము. ముద్దనూరు దాటి పులివెందుల దారి పట్టినచో రాళ్లును మిట్టలును డెక్కలను అరగదీయును.

1652లో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటలోనున్న మీర్ జుమ్లాను చూడవచ్చెను. కొండను తొలిచిన ఇఱుకుదారియు, దాని ప్రక్కనే లోతైన పెన్న లోయయు అతడు వర్ణించెను. శత్రువును ఆపిన ఆ దారియే బాటసారి గుఱ్ఱమును గూడ ఆపెననుట స్పష్టము.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. అప్పటినుండి 1807 వఱకు కలెక్టరుగా నుండిన తామస్ మన్రో ఆ యేండ్లలో పెద్దభాగము గుఱ్ఱముమీదను, గుడారములలోను గడపెను. పిమ్మట గవర్నరై తిరిగివచ్చి, ఈ సీమలోనే సంచరించుచు 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. చెన్నపట్టణమున 1839లో నిలిపిన అతని కంచువిగ్రహమునందు గుఱ్ఱమునకు జీనును లేదు, రికాబులును లేవు. బ్రదుకంతయు జీనుమీద గడపినవానికి శిల్పి చేసిన మర్యాద చిత్రమైనదే!

అట్టి దొరలు దిగిన ఊరి మాట చరిత్రలలో కొంచెమే కనబడును. గుడారములు, గుమాస్తాలు, పదుల గుఱ్ఱములు, ఎద్దులు. గడ్డి, కట్టెలు, నీరు ఊరివారే సమకూర్పవలెను. వెల చెల్లింపుడని పైనుండి ఆజ్ఞ యుండవచ్చును. ఆ కాసు నడుమనున్న చేతులు దాటి రైతుకడకు వచ్చుట వేఱుమాట. అంతకంటె కఠినమైనది మఱియొకటి కలదు. గుఱ్ఱమునకు దాణాయైన ఉలవయే మనకు గుగ్గిళ్లు, చారు. వానలు తప్పిన యేట ఇంటిలో మిగిలిన కుంచెడు ఉలవలు పిల్లలకా, దొరగారి గుఱ్ఱమునకా? కరణము చీటీ వ్రాయును. కొలిచి పోయువాడు రైతు. వేగముగా పోయిన రౌతులను మనము పొగడినంతగా ఆ కొలతను ఎవరును లెక్కవేయలేదు.

1871 నాటికి చెన్నపట్టణమునుండి రాయచూరు వఱకు రైలుదారి పూర్తియయ్యెను. దూరపు బాటసారి ఎఱ్ఱగుంట్లలోనో ముద్దనూరులోనో దిగజొచ్చెను. అక్కడనుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేరుటకు బండి యెద్దులో తట్టుగుఱ్ఱమో కావలసియుండెను. పెన్న నిండినదినమున రైలు దిగినవాడును గట్టుననే కూర్చుండవలసివచ్చెను.