చూచినవారు, వ్రాసినవారు: సంరక్షణ గృహములలోని హింస వెలుగులోనికి వచ్చిన విధము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

ఆసుపత్రులలోను, ఆశ్రమములలోను, సంరక్షణ గృహములలోను జీవించు నిస్సహాయులైన పెద్దవారు, అనగా మానసిక రోగులు, మేధోవైకల్యము గలవారు, మంచము పట్టిన వృద్ధులు, తమ్మును కాపాడవలసినవారి చేతులలోనే హింసకు గురియగుట చరిత్రలో పలుమారులు కనబడుచున్నది. ఈ విషయమును గూర్చిన గ్రంథములు సాధారణముగా చట్టములను, విచారణ సంఘములను, వాటి సంవత్సరములను పేర్కొని ఊరకుండును. అయితే ప్రతి విచారణకు ముందు ఎవరో ఒకరు ఆ హింసను కన్నులార చూచి, అది తప్పని గుర్తించి, మరియొకరికి తెలియజేసియుండవలెను. ఆ మొదటి మెట్టును గూర్చి వ్రాయబడినది తక్కువ. ఈ వ్యాసములో మేము దానినే పరిశీలింపగోరుచున్నాము.

ఇందుకు మూడు సందర్భములను ఎన్నుకొంటిమి: రెండవ ప్రపంచ యుద్ధకాలమందలి అమెరికా మానసిక వైద్యశాలలు, 1967లో వేల్స్ దేశమందలి ఈలీ ఆసుపత్రి, 2001లో తమిళనాడులోని ఏర్వాడి. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు తనిఖీల వలన బయటపడినది స్వల్పమనియు, బయటపెట్టినవారు తరచుగా ఆ సంస్థలో అందరికంటె క్రిందివారును క్రొత్తవారును అనియు, వారి మాట చెల్లుటకు వ్రాతపూర్వకమైన ఆధారము, వెనుక నిలిచిన ఒక సమూహము అవసరమైనవనియు మాకు తోచుచున్నది.

1. యుద్ధము చేయనొల్లనివారు వార్డులలో చూచినది

1940 సెప్టెంబరులో అమెరికా సంయుక్త రాష్ట్రములు నిర్బంధ సైనిక సేవా చట్టమును చేసెను. మనస్సాక్షి కారణముగా ఆయుధము పట్టనివారికి దేశమునకు ఉపయోగపడు వేరొక పనిని ఆ చట్టము అనుమతించెను. మెనొనైట్లు, ఫ్రెండ్స్ సమాజమనబడు క్వేకర్లు, బ్రదరెన్ అను మూడు శాంతి సంఘములు ఈ సేవను నిర్వహించు భారమును వహించెను. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతముల విశ్వాసులకు మెనొనైట్ బ్రదరెన్ అను పేరు సుపరిచితమే గనుక ఈ చరిత్రతో తెలుగు సంఘమునకు కొంత బంధుత్వము కలదని చెప్పవచ్చును. 1941 మొదలు 1947 వరకు సుమారు 12,000 మంది యువకులు ఈ సివిలియన్ పబ్లిక్ సర్వీసులో పనిచేసిరి. వారిలో దాదాపు 3,000 మంది మానసిక వైద్యశాలలకును, మేధోవైకల్యము గలవారి శిక్షణాలయములకును పంపబడిరి. యుద్ధమునకును, ఆయుధ కర్మాగారములకును సిబ్బంది తరలిపోగా ఆ వార్డులు దాదాపు ఖాళీ అయియుండెను.

ఫిలడెల్ఫియా నగరమందలి బైబెరీ వైద్యశాల వీటిలో పేరుమోసినది. అక్కడ వేలమంది రోగులుండిరి. వందలమంది గల వార్డును ఇద్దరు ముగ్గురు సహాయకులు చూచుకొనవలసివచ్చెను. బట్టలు లేక సిమెంటు నేలపై కూర్చున్న మనుష్యులు, మంచములకు కట్టివేయబడినవారు, మలమూత్రముల దుర్గంధము – ఇవి ఆ యువకులు మొదటి దినమున చూచిన దృశ్యములు. కొట్టుట అనునది కొందరు పాత సిబ్బందికి పని జరిపించుకొను మార్గముగా మారియుండెను. తడిపిన తువాలును మెడకు బిగించినయెడల రోగి లొంగిపోవును గాని ఒంటిపై గాయము కనబడదు. ఈ విషయమును మేము ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము. ఏలయనగా గాయము లేదు గనుక హింస లేదను వాదము ఎంత బలహీనమైనదో దీనిని బట్టి తెలియుచున్నది.

మరియొక సంగతియు గమనింపదగినది. శత్రువును సహితము కొట్టనని ప్రమాణము చేసిన ఈ యువకులలో కొందరు, అలసటలోను భయములోను తామే రోగులపై చేయి చేసుకొను శోధనకు లోనగుచున్నామని గ్రహించిరి. హింస చెడ్డవారి స్వభావమునుండి మాత్రమే పుట్టదు. ఒక్కడే వందమందిని చూడవలసిన ఏర్పాటులోనుండియు అది పుట్టును. ఈ గ్రహింపు వలన వారు తోటి సిబ్బందిని నిందించుటతో ఆగక ఆ ఏర్పాటునే ప్రశ్నించిరి.

వారు అనుసరించిన మార్గము క్రమబద్ధమైనది. 1944లో వార్డు సహాయకుల కొరకు ‘ది అటెండెంట్’ అను చిన్న పత్రికను ప్రారంభించి, రోగిని కొట్టక శాంతపరచు పద్ధతులను దానిలో బోధించిరి. దేశమందలి వేర్వేరు ఆసుపత్రులలోని తమ సహచరులను తాము చూచినదానిని వ్రాసి పంపుడని కోరిరి. ఒకరి మాట ఫిర్యాదు అనిపించుకొనును. అనేక స్థలములనుండి వచ్చిన ఒకే విధమైన మాట సాక్ష్యమగును. బైబెరీలో పనిచేసిన చార్లెస్ లార్డ్ చిన్న కెమెరాతో అక్కడి వార్డులను చిత్రించెను. ఈ నివేదికల, చిత్రముల ఆధారముగా ఆల్బర్ట్ మైసెల్ వ్రాసిన వ్యాసము 1946 మే 6న ‘లైఫ్’ పత్రికలో వెలువడి దేశమును కలచివేసెను. అదే సంవత్సరము ఈ యువకులు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థాపనమును నెలకొల్పిరి. 1946 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ మానసిక ఆరోగ్య చట్టముపై సంతకము చేసెను. ఆ చట్టమునకు వేరు కారణములును కలవు గనుక దానిని వీరి ఖాతాలో మాత్రమే వేయుట సరికాదు. అయితే ప్రజాభిప్రాయము సిద్ధపడుటలో వీరి పాలు కలదు.

మెనొనైట్ సంఘము ఇంతటితో విడువలేదు. తన కుమారులు చూచి వచ్చినదానికి ప్రత్యుత్తరముగా 1949లో మేరీలాండ్‌లో బ్రూక్ లేన్, తరువాత కాలిఫోర్నియాలో కింగ్స్ వ్యూ, కాన్సస్‌లో ప్రయిరీ వ్యూ అను వైద్యాలయములను స్థాపించెను. తెలియజేయుట ఒక పని, తెలిసిన తరువాత బాధ్యత వహించుట మరియొక పని. ఆ సంఘము రెండును చేసెను.

2. ఈలీ: పేరులేని సహాయకుని లేఖ

ఇంగ్లండులో 1965 ప్రాంతమున బార్బరా రాబ్ అను స్త్రీ తనకు తెలిసిన ఒక వృద్ధురాలిని చూచుటకు లండనులోని ఫ్రయర్న్ ఆసుపత్రికి వెళ్లెను. అక్కడి వృద్ధుల వద్దనుండి కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రములు తీసివేయబడియుండుట ఆమెను కలతపెట్టెను. ఒక మనుష్యుని చూపును, మాటను, వినికిడిని తీసివేసినయెడల అతడు సాక్ష్యము చెప్పజాలడు. 1967లో ఆమె నర్సుల, సామాజిక కార్యకర్తల వాంగ్మూలములను కూర్చి ‘సాన్స్ ఎవ్రిథింగ్’ అను గ్రంథమును ప్రచురించెను. ప్రాంతీయ ఆసుపత్రి మండలులే నియమించిన విచారణలు జరిగి, ఆమె తెలిపిన ఆరోపణలలో అధిక భాగము నిరాధారములని 1968లో ప్రభుత్వము ప్రకటించెను.

ఇంతలో 1967 వేసవిలో కార్డిఫ్ నగరమందలి ఈలీ ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సింగ్ సహాయకుడు ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ అను వారపత్రికకు లేఖ వ్రాసెను. రోగుల పట్ల క్రూరత్వము, రోగుల ఆహారమును, వస్తువులను సిబ్బంది కాజేయుట, ఫిర్యాదులను పట్టించుకొనకపోవుట, వైద్యుల అశ్రద్ధ – ఇవి అతని ఆరోపణలు. అతడు అర్హత పట్టా లేనివాడు, అక్కడ కొద్దికాలము పనిచేసినవాడు. పిమ్మట వచ్చిన విచారణ నివేదికలో సహితము అతడు ‘ఎక్స్‌వై’ అను అక్షరములతోనే పిలువబడెను. జెఫ్రీ హౌ అను న్యాయవాది అధ్యక్షతన జరిగిన విచారణ ఆరోపణలన్నిటిని యథాతథముగా అంగీకరింపలేదు. కొన్నింటిని త్రోసిపుచ్చెను. అయినను ముఖ్యమైనవాటిలో సత్యము కలదని నిర్ధారించెను. అంతకంటె ముఖ్యముగా, నిందను వార్డు సిబ్బందిపై మాత్రమే మోపక, రోగుల కిక్కిరింపును, శిక్షణ లేమిని, పై అధికారుల ఉదాసీనతను ఎత్తిచూపెను.

నివేదికను కుదించి ప్రకటింపవలెనను ఒత్తిడి కలిగెను. అయితే మంత్రి రిచర్డ్ క్రాస్‌మన్ 1969 మార్చిలో దానిని పూర్తిగా ప్రచురించెను. ఆ సంవత్సరమే ఆసుపత్రులను స్వతంత్రముగా సందర్శించు సలహా సేవ ఏర్పడెను. 1971లో మేధోవైకల్యము గలవారి సేవలను గూర్చిన శ్వేతపత్రము వచ్చెను. రాబ్ గ్రంథమునకును ఈలీ లేఖకును ఫలితములో ఇంత వ్యత్యాసము ఎందుకు? మొదటిదానిని విచారించినవారిని ఆ ఆసుపత్రులపై అధికారము గల ప్రాంతీయ మండలులే నియమించెను. రెండవదాని నివేదిక కుదింపబడక వెలుగు చూచెను. ఆరోపింపబడినవారే విచారణకర్తలను ఎన్నుకొనునప్పుడు సత్యము బయటపడుట దుర్లభము.

3. ఏర్వాడి: అందరు చూచినది, ఎవరును గుర్తింపనిది

పై రెండు సందర్భములలో హింస గోడల వెనుక జరిగెను. రామనాథపురం జిల్లాలోని ఏర్వాడిలో అట్లు కాదు. అక్కడి దర్గాకు స్వస్థత కోరి కుటుంబములు మానసిక రోగులను తీసికొనివచ్చెడివి. ఆ పరిసరములలో ప్రైవేటు వ్యక్తులు అనుమతి లేకయే గృహములు నడుపుచుండిరి. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము అట్టి గృహములకు లైసెన్సు తప్పనిసరి చేసినను దానిని అమలుపరచినవారు లేరు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక గృహములోని పాకకు నిప్పంటుకొనెను. లోపలివారు గొలుసులతో కట్టబడియుండిరి గనుక తప్పించుకొనలేకపోయిరి. మొత్తము 28 మంది మరణించిరి.

ఆ గొలుసులను యాత్రికులు చూచిరి, బంధువులు చూచిరి, అధికారులకును తెలియును. కొరవడినది సమాచారము కాదు. గొలుసును హింసగా గాక సంరక్షణగా చూచు అలవాటే అక్కడి మౌనమునకు మూలమని మా అభిప్రాయము. ఆ కుటుంబములను తీర్పు తీర్చుటకు మేము సాహసింపము. దగ్గరలో వైద్యుడు లేక, రోగిని అదుపుచేయలేక వచ్చినవారు వారిలో అనేకులు. ప్రమాదమైన కొద్ది దినములకే ప్రభుత్వము అట్టి గృహములను మూసివేసి, 500 పైచిలుకు రోగులను తన సంరక్షణలోనికి తీసికొనెను. సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయమును చేపట్టి రాష్ట్రములన్నిటికి ఆదేశములిచ్చెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను ఏ విధముగానైనను గొలుసులతో బంధించుటను స్పష్టముగా నిషేధించెను.

4. ఈ చరిత్రనుండి గ్రహింపదగినవి

మొదటిది గుర్తింపు. కొన్ని గురుతులు ఈ సందర్భములలోనే కనబడినవి, మరికొన్ని నేటి గృహములలో చూడవలసినవి: సిబ్బంది దగ్గరకు రాగానే ముడుచుకొనిపోవుట, కారణము తెలియని బరువు తగ్గుదల, మానని పడక పుండ్లు, మాటిమాటికి జారిపడెనని చెప్పుట, ఎల్లప్పుడు మత్తులో ఉండుట, పింఛను సొమ్ము చేతికి రాకపోవుట, కళ్లజోడు, చేతికర్ర వంటివి మాయమగుట, దర్శించువారిని ఒంటరిగా మాటాడనీయకపోవుట. వీటిలో ఏ ఒక్కటియు రుజువు కాదు. అయితే రెండు మూడు కలిసి కనబడినప్పుడు ప్రశ్నింపవలసినదే.

రెండవది వ్రాయుట. యుద్ధకాలపు యువకులవలె తేదీ, సమయము, స్థలము, తాను చూచినది, ఇతరులు చెప్పగా విన్నది వేర్వేరుగా వ్రాసికొనవలెను. పూర్తి రుజువు దొరకువరకు వేచియుండుట సాక్షి పని కాదు. అది విచారణకర్తల పని. ఆరోపింపబడిన వ్యక్తినే ముందుగా పిలిచి అడుగుటవలన బాధితునికి కీడు కలుగవచ్చును.

మూడవది తెలియజేయుట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 7వ సెక్షను ప్రకారము, వైకల్యము గలవారిపై హింస జరిగినదని గాని జరుగబోవుచున్నదని గాని నమ్ముటకు కారణము గల ఏ వ్యక్తియైనను స్థానిక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చును. మన మండలములలో తహసీల్దారు ఆ అధికారము గలవాడు. వృద్ధుల విషయమున 14567 అను సహాయ సంఖ్య కలదు. ప్రాణాపాయమున 112 కలదు. ఈ మార్గములు ఈలీ సహాయకునికి లేవు. అతడు పత్రికను ఆశ్రయింపవలసివచ్చెను.

ముగింపు

వృద్ధాశ్రమములను, వికలాంగుల గృహములను, కుష్ఠురోగుల ఆశ్రమములను నడుపు సంఘములు మన మధ్య అనేకము కలవు. వాటిని స్థాపించినవారి దయను మేము శంకింపము. అయితే స్థాపకుని దయ రాత్రి వేళ వార్డులో కాపలా ఉండదు. సంస్థకు చెడ్డపేరు వచ్చునను భయముతో ఆయాను, వంటమనిషిని, పరిచర్యకు వెళ్లిన విద్యార్థిని నోరు మూసికొమ్మని చెప్పుట మన మధ్య జరుగరానిది. ఫిర్యాదు చేసినవారు ఉద్యోగము పోగొట్టుకొనరని సంస్థ నియమావళిలో వ్రాసియుంచుట, సంస్థకు వెలుపలి వ్యక్తిని విచారణకు నియమించుట, ఆరోపింపబడినవాని మాటను సహితము న్యాయముగా వినుట – ఈ మూడును ఏ సంఘమైనను డబ్బు ఖర్చు లేకుండ చేయగలిగినవే. మన గృహములలో ఒక లేఖ నేడు వ్రాయబడినయెడల అది ఎవరి బల్లపైకి చేరును, వారు దానిని ఏమి చేయుదురు అను ప్రశ్నకు ప్రతి యాజమాన్య సంఘము తన తదుపరి కూటములోనే సమాధానము చెప్పవలసియున్నది.