తిరిగొచ్చి కూర్చోడానికి ఒక బల్ల

జనవరి మొదట్లో అమెరికాలో ఏ సెకండ్ గ్రేడ్ గదిలోకి తొంగిచూసినా ఇంచుమించు ఒకే తంతు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఓ ఇరవైమంది. వింటర్ బ్రేక్ పేరుతో పది పన్నెండు రోజులు అర్ధరాత్రి దాకా మేలుకుని, బారెడు పొద్దెక్కాక లేచినవాళ్లు. చెయ్యెత్తకుండానే మాట్లాడేస్తారు. వరసలో నిలబడమంటే గుంపుగా ఎగబడతారు. టీచరమ్మ పాఠం పక్కన పెట్టి, బడి తెరిచిన కొత్తలో నేర్పినవే మళ్లీ నేర్పుతుంది. తివాచీ మీద ఎలా కూర్చోవాలో, లంచ్‌కి ఎలా నడవాలో చేయించి మరీ చూస్తుంది. సగం ఏడాది గడిచాక ఇదేం చాదస్తమని చూసేవాళ్లకి అనిపిస్తుంది.

ఈ తంతు మనం అనుకునేంత పాతది కాదు. రెండువందల ఏళ్ల కిందట ఆ దేశపు పిల్లవాడు సెలవులయ్యాక 'తన తరగతి'కి తిరిగి రావడమనేది లేదు. తరగతి లేదు, తనదంటూ ఒక చోటు లేదు, చాలా ఊళ్లలో క్రిస్మస్‌కి సెలవూ లేదు.

సెలవు సంగతే ముందు చూద్దాం. మసాచుసెట్స్‌లో కాపురం పెట్టిన ప్యూరిటన్ క్రైస్తవులకు క్రిస్మస్ అంటే గిట్టేది కాదు. బైబిల్లో లేని పండగ, తాగి తందనాలాడటానికి ఒక సాకు అని వాళ్ల ఫిర్యాదు. ఆ రోజు పని మానేసి పండగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని 1659లో చట్టమే చేశారు. 1681లో దాన్ని ఎత్తేశారు గానీ, మనసులోని అయిష్టం అంత తొందరగా పోలేదు. ఆ రాష్ట్రంలో క్రిస్మస్ చట్టబద్ధమైన సెలవు అయింది 1856లో. దేశాధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ 1870 జూన్ 28న సంతకం పెట్టాకే ఫెడరల్ ప్రభుత్వం దాన్ని సెలవుల జాబితాలో చేర్చింది, అదీ మొదట రాజధాని వాషింగ్టన్‌లోని ఉద్యోగులకే.

సెలవు ఇవ్వని చోట పిల్లలు ఊరుకున్నారా? లేదు, లాక్కున్నారు. ఇంగ్లండు నుంచి వలసతో పాటు వచ్చిన ఆచారం ఒకటుంది. క్రిస్మస్ దగ్గర పడగానే పిల్లలు తెల్లవారకుండానే బడికి చేరి, లోపల గడియ పెట్టి, బెంచీలు అడ్డం వేసి, మాస్టారిని బయటే నిలబెట్టేవాళ్లు. సెలవు ఇస్తానని మాటిస్తేనే తలుపు తీస్తారు. ఆపిళ్లో, మిఠాయిలో తెచ్చిపెట్టాలని కూడా షరతు. ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు బడిలో ఇలాంటి ముట్టడిని నడిపించినవాడు, తర్వాత గొప్ప వ్యాసకర్తగా పేరు తెచ్చుకున్న జోసెఫ్ ఆడిసన్ అని శామ్యూల్ జాన్సన్ రాశాడు. వర్జీనియాలో 1702లో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు మాస్టర్లను బయటే ఆపి, గుళ్లు లేని పిస్టళ్లు పేల్చారు కూడా. ఇండియానా పల్లెబడులలో ఈ గొడవ ఎంత మామూలంటే, ఎడ్వర్డ్ ఎగుల్‌స్టన్ 1871లో రాసిన 'ది హూజియర్ స్కూల్‌మాస్టర్' నవలలో అదొక ముఖ్య ఘట్టం. అందులో మాస్టారు కప్పెక్కి పొగగొట్టం మీద పలక మూసి, పొగబెట్టి పిల్లల్ని బయటికి రప్పిస్తాడు. మాస్టారు గెలిచిన కథ కాబట్టే పెద్దలకు అంతగా నచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇలా సంపాదించుకున్న సెలవు అయ్యాక పిల్లలు వెళ్లేది దేనికి? ఒకటే గది ఉన్న బడికి. ఐదేళ్ల పసివాడి నుంచి పద్దెనిమిదేళ్ల యువకుడి దాకా అందరూ అందులోనే. పైగా పల్లెల్లో ఏడాదికి రెండే విడతలు, చలికాలం ఒకటి, వేసవి ఒకటి. పొలం పనులుండవు కనుక పెద్ద కుర్రాళ్లు చలికాలం వచ్చేవాళ్లు, వాళ్లని అదుపు చేయడానికి మగ మాస్టారు. మంచులో మైళ్లు నడవలేని చిన్నపిల్లలు చాలామంది వేసవి విడతకే వచ్చేవాళ్లు, వాళ్లకి పంతులమ్మ. అంటే నేటి సెకండ్ గ్రేడ్ వయసు పిల్లల్లో ఎంతోమంది జనవరిలో బడి మొహమే చూసేవాళ్లు కాదు. విడత మారితే మాస్టారూ మారేవారు. కొత్తగా వచ్చినాయన పిల్లవాడు ఎక్కడిదాకా చదివాడో తెలియక పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకునేవారు. నీ చదువెంత అని అడిగితే పిల్లవాడు తరగతి అంకె చెప్పేవాడు కాదు, చేతిలో ఉన్న పుస్తకం చెప్పేవాడు. విలియం మెక్‌గఫీ 1836లో వెలువరించిన మొదటి, రెండవ వాచకాలు అలాంటి కొలబద్దలే. రెండవ వాచకం చదివేవాడికి ఏడేళ్లుండొచ్చు, పన్నెండూ ఉండొచ్చు.

పట్నాల్లో పద్ధతి వేరు. అక్కడ వందల మందిని ఒకే హాల్లో కూర్చోబెట్టి, ఒకే మాస్టారి కింద, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించేవారు. న్యూయార్క్ ఫ్రీ స్కూల్ సొసైటీ 1806లో తెరిచిన మొదటి బడి ఈ తీరుదే. దీన్ని జోసెఫ్ లాంకాస్టర్ పద్ధతి అంటారు. కానీ అతనికంటే ముందు ఆండ్రూ బెల్ అనే మతబోధకుడు ఇదే పని చేసి చూపాడు, అదీ మన మద్రాసులో. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి అధికారిగా చేరిన బెల్, చుట్టుపక్కల వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పించబోతే జీతాలు తీసుకునే మాస్టర్లు తమవల్ల కాదనేసరికి, ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడికి అక్షరాల తరగతిని అప్పగించాడు. ఈ లెక్కన నేటి సెకండ్ గ్రేడ్ వయసువాడే ఆనాటి పంతులు. 1797లో బెల్ తన అనుభవాన్ని లండన్‌లో అచ్చు వేయించాడు.

ఇది గొప్పకి చెప్పుకుంటున్న మాట కాదు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడుల మీద పంపిన నివేదికలో, పైచదువు పిల్లలు కిందివాళ్లకు చెప్పే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. బడికి వచ్చే వరసను లెక్కబెట్టడం గురించీ అందులో ఉంది. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. ఆలస్యంగా వచ్చేవాళ్లకి ఇంత కచ్చితమైన లెక్క మరెక్కడా ఉండి ఉండదు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే ఆ హాళ్లు అమెరికాలో ఎక్కువకాలం నిలవలేదు. మసాచుసెట్స్ విద్యాబోర్డు కార్యదర్శి హొరేస్ మాన్ 1843లో పెళ్లి చేసుకుని, కొత్త పెళ్లికూతురితో యూరప్ వెళ్లి, ఆ యాత్రలోనే ప్రష్యా బడులు తిరిగి చూశాడు. (ఆవిడ మేరీ పీబాడీకి కూడా చదువుల మీద ఆసక్తి ఉండబట్టి సరిపోయింది.) అక్కడ పిల్లల్ని వయసునీ చదువునీ బట్టి విడగొట్టి, ఒక్కో తరగతికి ఒక్కో మాస్టారిని పెట్టడం ఆయనకు నచ్చింది, వచ్చి తన నివేదికలో గట్టిగా రాశాడు. దాన్ని గోడలూ తలుపులూ ఉన్న భవనంగా నిలబెట్టినవాడు జాన్ ఫిల్‌బ్రిక్. 1847లో బోస్టన్‌లో మొదలైన క్విన్సీ గ్రామర్ స్కూలుకి ఆయన మొదటి ప్రధానోపాధ్యాయుడు. నాలుగంతస్తులు, పన్నెండు గదులు, గదికి యాభై అయిదు మంది, ఒక్కో గదికి ఒక్కో ఉపాధ్యాయురాలు లేదా ఉపాధ్యాయుడు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి కుర్రాడికీ విడిగా ఒక బల్ల. అంతకుముందు పొడుగాటి బెంచీ మీద ఎవరు ముందొస్తే వాళ్లది. ఆ భవనం నేటికీ బోస్టన్ చైనాటౌన్‌లో టైలర్ స్ట్రీట్ మీద ఉంది.

నా లెక్కలో జనవరి పునఃప్రవేశం పుట్టింది ఆ బల్ల దగ్గరే. తన గది, తన చోటు, ఏడాది పొడుగునా మారని ఒకే టీచరు, తన వయసు తోటివాళ్లు. ఇవి ఉంటేనే మధ్యలో విరామం వచ్చినా తిరిగి రావడానికి అర్థం ఉంటుంది. క్విన్సీ నమూనా పట్నం నుంచి పట్నానికి పాకాక తరగతులకు అంకెలు స్థిరపడ్డాయి, ఫలానా ఏడు ఫలానా పాఠం అని కట్టుదిట్టమైంది.

ఇరవయ్యో శతాబ్దంలో క్రిస్మస్ సెలవు జాగ్రత్తగా మతం రంగు తుడుచుకుంది. ప్రభుత్వ బడుల్లో ప్రార్థన కూడదని 1962లో, బైబిల్ పఠనం కూడదని 1963లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. అవి సెలవుల జోలికి రాలేదు గానీ, తర్వాతి దశాబ్దాల్లో బడి క్యాలెండర్లు మెల్లగా వింటర్ బ్రేక్ అనడం మొదలుపెట్టాయి.

ఆ బ్రేక్ తర్వాతి నెల సెకండ్ గ్రేడ్‌కి బరువైనది. 2010 నాటి కామన్ కోర్ అనే విద్యా ప్రమాణాల ప్రకారం ఏడాది చివరికి రెండు ఒంటి అంకెల కూడికలన్నీ నోటికి వచ్చి ఉండాలి. ఎనిమిదీ ఏడూ ఎంతంటే వేళ్లు లెక్కపెట్టకూడదు. వందలోపు కూడికలు, తీసివేతలు చకచకా రావాలి. చాలా బడుల్లో ఏడాదికి మూడుసార్లు జరిగే పఠన పరీక్షలో నడిమిది ఈ రోజుల్లోనే వస్తుంది. నిమిషంలో ఎన్ని మాటలు తప్పులేకుండా చదివారో లెక్క తీస్తారు. ఇంతలో జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, 1986 నుంచి ఫెడరల్ సెలవుల్లో ఉంది. అందుకే తెలిసిన టీచర్లు మొదటి రోజునే లెక్కల జోలికి పోరు, వరసలూ మర్యాదలూ చక్కబెట్టుకున్నాకే పుస్తకం తెరుస్తారు. అది చాదస్తం కాదు, పనితనం.

తిరిగి రావాల్సినవాళ్లు రాలేకపోయిన జనవరి కూడా ఒకటుంది. 2022లో కోవిడ్ ఒమిక్రాన్ ఉద్ధృతిలో షికాగో బడులు సోమవారం తెరిచి, బుధవారానికల్లా మూతపడ్డాయి. గదుల్లోకి రావడంపై టీచర్ల సంఘానికీ నగరపాలకులకూ పేచీ. పిల్లలు మళ్లీ తమ బల్లల దగ్గరికి వచ్చేసరికి జనవరి 12 అయింది.

ఇక మనవాళ్ల గొడవ. న్యూయార్క్ నగర బడులు 2024 నవంబరు 1న మొదటిసారి దీపావళికి సెలవిచ్చాయి. సంక్రాంతికి అలాంటిది లేదు. అది వింటర్ బ్రేక్ అయిపోయిన పది పన్నెండు రోజులకి వస్తుంది. ఇండియా వెళ్లిన కుటుంబాలు ఎలాగూ వచ్చాం, భోగిమంటలూ గొబ్బెమ్మలూ చూపించి తీసుకెళ్దాం అని ఆగిపోవడం సహజమే. తప్పుపట్టను. అయితే సుమారు 180 రోజుల బడిలో పదోవంతు, అంటే 18 రోజులు రాకపోతే చాలా రాష్ట్రాలు ఆ పిల్లల్ని దీర్ఘకాల గైర్హాజరు లెక్కలో వేస్తాయి. న్యూయార్క్‌కీ హైదరాబాదుకీ చలికాలంలో పదిన్నర గంటల తేడా, దిగిన మర్నాడే ఏడేళ్లవాడిని బడికి తోలితే మధ్యాహ్నానికి బల్ల మీదే నిద్రపోతాడు. కనుక టికెట్లు కొనేటప్పుడే బడి తెరిచే రోజుకి మూడు రోజుల ముందు దిగేలా చూసుకోండి. పండక్కి ఉండి తీరాలనుకుంటే డిసెంబరులోనే టీచరుకి రాసి, చేయించాల్సిన పాఠాలు అడిగి తీసుకెళ్లండి.