తుగ్లకాబాద్ కోట

నోయిడాకు యమున అవతల, దక్షిణ ఢిల్లీలో మెహ్రౌలి–బదర్‌పూర్ రోడ్డు పక్కన ఉన్న శిథిల దుర్గం. ఢిల్లీ సుల్తాను ఘియాసుద్దీన్ తుగ్లక్ దీని నిర్మాణం 1321లో మొదలుపెట్టాడు. ప్రాకారం చుట్టుకొలత సుమారు 6.5 కిలోమీటర్లు. లోపలికి వాలినట్టుండే రాతిగోడల ఎత్తు 10 నుంచి 15 మీటర్లు.

ఈ గోడలు లేస్తున్న కాలంలోనే ఓరుగల్లు కూలింది. సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడిలో విఫలమై, 1323లో మళ్లీ వచ్చి కోటను పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి బయలుదేరిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలోనే మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతోంది. ఓరుగల్లు సేనాని గన్నమ నాయకుడి కథ వేరు: మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు, తర్వాతి సుల్తాను ఫిరోజ్ షా కాలంలో ఏకంగా వజీరయ్యాడు. అతని అష్టభుజి సమాధి నిజాముద్దీన్ ప్రాంతంలో ఉంది.

ఘియాసుద్దీన్ 1325లో చెక్క మండపం కూలి చనిపోయాడు. అది కొడుకు కుట్రేనని యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా శాపమే కోటను పాడుపెట్టిందని జనం నమ్మకం. శాపం మాటెలా ఉన్నా, ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కిన ఆ కొడుకు తండ్రి కోటను వదిలేశాడన్నది మాత్రం చరిత్ర. ఘియాసుద్దీన్ సమాధి రోడ్డుకు అవతల, చెక్కుచెదరకుండా ఉంది.

నోయిడా బొటానికల్ గార్డెన్ నుంచి మెట్రోలో కల్కాజీ మందిర్‌లో మారి గోవింద్‌పురి దిగి, ఆటోలో వెళ్లవచ్చు. లోపల నీడ తక్కువ. ఎండాకాలం నీళ్లు వెంట ఉండాలి.