చారలు, వలయాలు, వంశం: కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ అనే విషరహిత సర్పం ఒంటిమీద కనిపించే చారలు, వలయాల ఆధారంగా దాని జాతిని, వంశాన్ని నిర్ణయించడానికి రెండు శతాబ్దాలుగా ప్రయత్నాలు జరిగాయి. 1835 నాటి తొలి వర్ణన నుంచి లారెన్స్ క్లాబర్ పరిశీలనలు, నేటి డీఎన్‌ఏ అధ్యయనాలు, పెంపకందారుల లెక్కలు, గ్రాన్ కెనేరియా ద్వీపంలో ఈ పాము వ్యాప్తి వరకు ఆ చరిత్రను ఈ వ్యాసం సమీక్షిస్తుంది. మేనిమీది అమరిక జన్యువుల గురించి కొంత చెబుతుంది. వంశం గురించి నమ్మదగిన సాక్ష్యం మాత్రం పుట్టుక నమోదు నుంచే లభిస్తుందని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: కింగ్‌స్నేక్, రంగుల అమరిక, ద్విరూపత, అనువంశికత, సంకరం, పెంపకం, గ్రాన్ కెనేరియా.

1. ఉపోద్ఘాతం:
కింగ్‌స్నేక్ అనే పేరు వినగానే తెలుగు పాఠకునికి రాచనాగు స్ఫురించవచ్చు. ఈ రెండింటికీ దగ్గరి సంబంధం లేదు. కింగ్‌స్నేక్ ఉత్తర అమెరికాకు చెందిన పాము. దానికి విషం లేదు. ఎలుకలు, బల్లులు, పక్షిగుడ్లతోపాటు ఇతర సర్పాలనూ అది మింగుతుంది. విషసర్పమైన ర్యాటిల్‌స్నేక్‌ను సైతం తినగలదు కనుకనే దానికి 'రాజు' అనే విశేషణం దక్కింది.

వీటిలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ శాస్త్రీయ నామం లాంప్రోపెల్టిస్ కాలిఫోర్నియే. దీని మేను సాధారణంగా రెండు విధాలుగా ఉంటుంది. మొదటి రూపంలో ముదురు రంగు ఒంటిమీద లేతరంగు వలయాలు అడ్డంగా వరుసదీరి ఉంటాయి. మన కట్లపాము మీది తెల్లని కట్లను ఇవి కొంతవరకు గుర్తుకు తెస్తాయి. రెండవ రూపంలో మెడ నుంచి తోకదాకా వెన్నువెంట ఒకే లేతరంగు చార నిలువుగా సాగుతుంది. ఈ రెండూ ఒకే జాతి అని చూపు ఒప్పుకోదు. శాస్త్రం కూడా శతాబ్దకాలం ఒప్పుకోలేదు.

2. రెండు రూపాలు, రెండు పేర్లు:
1827-28 ప్రాంతంలో 'ల ఎరో' అనే ఫ్రెంచి నౌకలో కాలిఫోర్నియా తీరం చేరిన వైద్యుడు పాల్ ఎమిల్ బొట్టా అక్కడి జంతువులను సేకరించాడు. తరువాతి కాలంలో అసీరియా శిథిలాలను తవ్వించి ప్రసిద్ధుడైన బొట్టా ఇతడే. ఇతని సేకరణ ఆధారంగా ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు బ్లాన్‌విల్ 1835లో ఒక చారపామును వర్ణించి, 'కాలిఫోర్నియే' అని నామకరణం చేశాడు. దొరికిన చోటు గురించి ఆ వర్ణనలో ఉన్నది 'కాలిఫోర్నియా' అన్న మాట మాత్రమే. ఏ లోయ, ఏ తీరం అన్న వివరం లేదు.

1853లో అమెరికా శాస్త్రజ్ఞులు బేర్డ్, జిరార్డ్‌లు వలయాలున్న పామును 'బోయిలీ' అనే మరో పేరుతో వర్ణించారు. ఈ విభజన తరతరాలుగా నిలిచింది. 1921లో ఫ్రాంక్ బ్లాంచర్డ్ కింగ్‌స్నేక్‌ల ప్రజాతిపై సమగ్ర గ్రంథాన్ని వెలువరించాడు. అందులోనూ చారపాము విడి జాతిగానే ఉన్నది. వలయాల పాము మాత్రం విస్తృతంగా వ్యాపించిన 'గెటులస్' జాతికి ఉపజాతిగా నమోదైంది. అంటే ఒకే కొండవాలుమీద తిరిగే రెండు పాములు గ్రంథంలో వేర్వేరు జాతులయ్యాయి.

దీనిని నాటి పండితుల అజాగ్రత్తగా భావించరాదు. సంగ్రహాలయానికి చేరిన పాము సారాయి సీసాలో ఉంటుంది. దాని తల్లి ఎవరో, తోబుట్టువులు ఎలా ఉన్నాయో సీసా చెప్పదు. పొలుసుల లెక్క, పళ్ల అమరిక, మేని గుర్తులు తప్ప పరిశీలకుని చేతిలో మరే ఆధారమూ లేదు. పొలుసుల లెక్కలో రెండు రూపాలకు చెప్పుకోదగ్గ భేదం లేనప్పుడు, కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే చార నిర్ణాయకమైంది.

3. ఒకే తల్లి పిల్లల సాక్ష్యం:
ఈ చిక్కుముడిని విప్పినవాడు లారెన్స్ క్లాబర్ (1883-1968). ఇతడు వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. శాన్ డీగో నగరానికి గ్యాసు, విద్యుత్తు సరఫరా చేసే సంస్థకు అధ్యక్షుడు. అక్కడి జంతుప్రదర్శనశాలకు సరీసృపాల విషయంలో సలహాదారు కూడా. శాన్ డీగో పరిసరాలలో రెండు రూపాలూ కలిసే దొరకడం అతనికి కలిసివచ్చింది.

క్లాబర్ 1936లోను, ఆ తరువాత 1939, 1944లలోను వెలువరించిన వ్యాసాలలో ఈ పామును 'రూపద్విత్వానికి' ఉదాహరణగా నిరూపించాడు. అతని వాదంలో బలమైన భాగం ఒకే తల్లి గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు. ఒకే విడత గుడ్లలో చారల పిల్లలు, వలయాల పిల్లలు రెండూ కనిపించినప్పుడు అవి వేర్వేరు జాతులన్న వాదం నిలవదు. ముందుగా పెట్టిన పేరుకే ప్రాధాన్యమన్న నామకరణ నియమం ప్రకారం 'కాలిఫోర్నియే' నిలిచింది. 'బోయిలీ' చరిత్రలో కలిసింది.

ఇక్కడ గమనించదగిన అంశం సాక్ష్యపు స్వభావం. క్లాబర్ కొత్త అవయవాన్నేమీ కనుగొనలేదు. తల్లిని, పిల్లలను ఒకేచోట ఉంచి, ఏది దేని నుంచి పుట్టిందో నమోదు చేశాడు. వందేళ్ల సంగ్రహాలయ పరిశీలన తేల్చలేని ప్రశ్నను ఒక పుట్టుక నమోదు తేల్చింది.

అమెరికా ప్రకృతిచరిత్ర సంగ్రహాలయానికి చెందిన రిచర్డ్ జ్వైఫెల్ 1981లో ఈ అమరికల అనువంశికతపై వ్యాసం ప్రచురించి, ప్రశ్నను మెండెల్ సూత్రాల పరిధిలోకి తెచ్చాడు. చార ప్రధానంగా బహిర్గత లక్షణంగా వ్యవహరిస్తుందన్నది పెంపకందారుల అనుభవం. అయితే తెగిన చారలు, సగం చార సగం వలయాలు గల పిల్లలు కూడా పుడుతుంటాయి. వీటిని ఒక్క జన్యువు లెక్కలో ఇమడ్చడం తేలిక కాదు.

4. వర్గీకరణలో మార్పులు:
క్లాబర్ తీర్పు తరువాత కూడా మేనిరంగు ఆధారంగా పెట్టిన పేర్లు కొన్ని మిగిలాయి. ఎడారి ప్రాంతపు 'యుమెన్సిస్', బాహా కాలిఫోర్నియా దక్షిణపు కొసన కనిపించే ముదురురంగు 'నిటిడా' అటువంటివి. 1977లో రిచర్డ్ బ్లేనీ చేసిన సమీక్షలో ఇవి కూడా కాలిఫోర్నియా పాములోనే లీనమయ్యాయి.

2009లో పైరాన్, బర్‌బ్రింక్ పరిశోధకులు ప్రధానంగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఆధారంగా ఖండమంతా వ్యాపించిన 'గెటులా'ను ఐదు జాతులుగా విభజించారు. కాలిఫోర్నియా పాముకు జాతి ప్రతిపత్తి తిరిగి లభించింది. 1921 నాటి గ్రంథంలో 'కాలిఫోర్నియే' అంటే చారపాము మాత్రమే. 2009 తరువాత అదే పేరు చారలు, వలయాలు రెండింటినీ కలుపుకొన్న భౌగోళిక వంశానికి వర్తిస్తుంది. పేరు తిరిగి వచ్చినా దాని అర్థం మారింది.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. దాని ద్వారా తల్లివైపు పరంపర తెలుస్తుంది. తండ్రి మరో జాతివాడైనా ఆ పరీక్షలో కనిపించడు. అడవిలోని పాముల విషయంలో ఈ పరిమితి కొంతవరకు భరించదగినదే. పెంపకంలో పుట్టిన పాముల విషయంలో ఇదే పెద్ద సమస్య.

5. పెంపకంలో వంశప్రశ్న:
సులభంగా ఆహారం తీసుకోవడం, మితమైన పరిమాణం, బందీగా గుడ్లు పెట్టడం వంటి కారణాల వల్ల ఈ పాము అమెరికా, ఐరోపా ఇళ్లలో పెంపుడు జంతువైంది. పెంపకందారులు కోరుకున్న రూపాలను తరతరాలుగా ఎంపిక చేశారు. వాటిలో అల్బినో రూపం ప్రసిద్ధం. ఇది అంతర్గత లక్షణం. అల్బినో జన్యువును ఒక్కొక్క ప్రతిగా మోసే రెండు మామూలు రంగు పాములను జతచేస్తే, సగటున నాలుగు పిల్లల్లో ఒకటి అల్బినో అవుతుంది. మిగిలిన మూడింటిలో రెండు ఆ జన్యువును రహస్యంగా మోస్తాయి. మూడవది మోయదు. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

అందువల్లనే అటువంటి పిల్లలను 'అల్బినో జన్యువు ఉండే అవకాశం 66 శాతం' అన్న చీటీతో అమ్ముతారు. ఆ అంకె పిల్ల శరీరాన్ని చూసి చెప్పినది కాదు. తల్లిదండ్రుల గురించిన నమోదు నుంచి వచ్చిన గణితం. నమోదు తప్పయితే ఆ అంకెకు విలువ లేదు. పాము చేతులు మారుతున్నకొద్దీ చీటీ జారిపోతే, మిగిలేది పాము ఒక్కటే. దాని గతం మిగలదు.

సంకరం మరింత క్లిష్టమైన ప్రశ్నను లేవనెత్తింది. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ను వేరే ప్రజాతికి చెందిన కార్న్‌స్నేక్‌తో జతచేసి 'జంగిల్ కార్న్' అనే సంకరాన్ని పెంపకందారులు సృష్టించారు. ప్రజాతులు వేరైనా ఈ పిల్లలకు సంతానసామర్థ్యం ఉంటుంది. వాటిని తిరిగి కింగ్‌స్నేక్‌తోనే కొన్ని తరాలు జతచేస్తే, పుట్టిన పిల్లను స్వచ్ఛమైన కింగ్‌స్నేక్ నుంచి కంటితో వేరుచేయడం కష్టం. దీనికి విపర్యయం కూడా ఉన్నది. విచిత్రమైన అమరికతో పుట్టిన అసలైన కింగ్‌స్నేక్‌ను సంకరమని అనుమానించే అవకాశమూ అంతే. మామూలుగా కనిపించేది సంకరం కావచ్చు. వింతగా కనిపించేది శుద్ధవంశం కావచ్చు.

ఫలానా లోయలో పట్టిన జంట సంతతి అని చెప్పుకొనే 'స్థానిక వంశాల'కు కొందరు పెంపకందారులు అధిక విలువనివ్వడానికి కారణం ఇదే. బ్లాన్‌విల్ వర్ణనలో లేని ఊరిపేరునే వీరు తమ పుస్తకాల్లో కాపాడుతున్నారు.

6. గ్రాన్ కెనేరియా ఉదంతం:
ఈ ప్రశ్న కేవలం అభిరుచిపరుల వివాదం కాదని స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కెనేరియా ద్వీపం తెలియజేస్తుంది. కెనరీ దీవులలో సహజంగా పాములు లేవు. 1998లో ఆ ద్వీపంలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ తొలిసారిగా నమోదైంది. తరువాతి దశాబ్దంలో అది స్థిరపడి సంతానాన్ని పెంచుకుంది. పట్టుబడిన వాటిలో చారపాములు, అల్బినోలు ఉండటం గమనార్హం. పెంపకందారులు ఎంపిక చేసిన రూపాలే అడవిలో కనిపించడం వల్ల, అవి పెంపుడు పాముల సంతతి అన్న నిర్ధారణకు బలం చేకూరింది. ఇక్కడ అమరిక ఒక మేరకు సాక్ష్యమిచ్చింది. ఎన్ని పాములు, ఎవరి చేతి నుంచి, ఎన్నిసార్లు బయటపడ్డాయన్నది మాత్రం ఆ చారలు చెప్పలేకపోయాయి.

2021లో పికే, లోపెజ్-డారియాస్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం పాములున్న ప్రాంతాల్లో ఆ ద్వీపానికే ప్రత్యేకమైన పెద్దబల్లి సంఖ్య 90 శాతానికి పైగా, నలికిరి వర్గపు జీవి సంఖ్య 80 శాతానికి పైగా, గోడబల్లి వర్గపు జీవి సంఖ్య 50 శాతానికి పైగా తగ్గాయి. పాములను ఎరుగని నేలమీద పెరిగిన ఈ జీవులకు వాటి నుంచి తప్పించుకునే నేర్పు అలవడలేదు. 2022లో ఐరోపా సంఘం ఈ పామును ఆక్రమణశీల జాతుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో వాడిన పేరు పాత విస్తృతార్థంలోని 'లాంప్రోపెల్టిస్ గెటులా'. వర్గీకరణలోని పేరు చట్టంలోకి ప్రవేశించినప్పుడు, ఆ పేరు ఏ వంశాన్ని సూచిస్తుందన్న ప్రశ్నకు ఆచరణాత్మకమైన బరువు వస్తుంది.

7. ముగింపు:
కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ చరిత్రలో ఒకే పొరపాటు వేర్వేరు చోట్ల పునరావృతమైంది. సంగ్రహాలయం చారను చూసి జాతిని నిర్ణయించింది. అంగడి రంగును చూసి శుద్ధతను నిర్ణయిస్తున్నది. రెండు సందర్భాల్లోనూ సందేహం తీర్చగలిగినది తల్లి, తండ్రి, పుట్టినచోటు అన్న మూడు వివరాల నమోదే. క్లాబర్ చూపిన మార్గం అదే. డీఎన్‌ఏ పరీక్ష ఆ నమోదుకు తోడ్పడగలదు కాని, తల్లివైపు పరంపరను మాత్రమే చూపే పరీక్ష దాని స్థానాన్ని భర్తీ చేయలేదు.

పెంపకందారుడు పెట్టెమీద అంటించే చిన్న చీటీని ఈ దృష్టితో చారిత్రకాధారంగా పరిగణించవలసి ఉంటుంది. అది పోయిన పాము అందంలో ఏమీ తగ్గదు. దాని పిల్లల గురించి చెప్పే ప్రతి మాటా మాత్రం ఊహగానే మిగులుతుంది. గ్రాన్ కెనేరియాలో కనుమరుగవుతున్న బల్లుల ఉదంతం, ఇంట్లో పెంచే ప్రాణి జాడను రాసి ఉంచడం పెంపకందారుని ఇష్టానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని స్పష్టం చేస్తున్నది.